ఐదున్నర నెలల ఆడపిల్లి ఎదకొచ్చి మిద్దె మీదికి వెళ్లొచ్చింది: ఆపరేషన్ ఇప్పుడా, ఆగాలా?

గుంటూరు_వాకిలి
జూన్ 6, ఉదయం

మా ఇంట్లో ఆడపిల్లి ఒకటి, దాని తోడబుట్టిన మగపిల్లి ఒకటి ఉన్నాయి. రెండింటికీ ఐదున్నర నెలలు. నాటు రకమే. ఆడపిల్లి బరువు 2.3 కిలోలు. జూన్ 3 రాత్రి నుంచి గొంతు మార్చి అరుస్తోంది, నేల మీద దొర్లుతోంది, తిండి తగ్గించింది. నిన్న, అంటే 5వ తేదీ సాయంత్రం, మెట్ల తలుపు తీసి ఉండగా మిద్దె మీదికి వెళ్లి గంట తర్వాత తిరిగొచ్చింది. వీధిలో గండుపిల్లులు రెండు మూడు తిరుగుతుంటాయి.

ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క ఈత ఈనాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆరోగ్యానికి మంచిదంటున్నారు. మందుల షాపులో అడిగితే ఎద ఆపడానికి ఒక హార్మోన్ ఇంజెక్షన్ ఉందన్నారు. మూడు నెలల వయసులో ట్రైక్యాట్ టీకా ఒక డోసు పడింది, రెండోది తప్పిపోయింది. ఇప్పుడు ఏది ముందు, ఏది వెనక? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.


నల్లమచ్చ

ముందు ఈ రాత్రి సంగతి. మగపిల్లిని వేరే గదిలో పెట్టి గడియ వేయండి. అన్నాచెల్లెళ్లన్న తేడా పిల్లులకు ఉండదండి, పెరిగిన కొడుకు తల్లితోనైనా జతకడతాడు. వంటింటి కిటికీ, బాత్రూం వెంటిలేటర్, మెట్ల తలుపు మూడూ చూసుకోండి. దోమల నెట్‌ని నమ్మొద్దు, ఎద వాసన పట్టిన గండుపిల్లి దాన్ని గోళ్లతో చీల్చుకుని వస్తుంది. నిన్న బయటికి వెళ్లొచ్చింది కదా, ఇంకేం జాగ్రత్త అనుకోవద్దు. ఒకే ఈతలో వేర్వేరు తండ్రుల పిల్లలు పుట్టడం పిల్లుల్లో మామూలే.

వయసు చూసి ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. ఆడపిల్లి నాలుగో నెల నుంచే ఎదకు రావచ్చు, ఎక్కువగా ఐదారు నెలల్లో, బరువు రెండు కిలోలు దాటాక వస్తుంది. కుక్కల్లోలా రక్తం కనబడదు కాబట్టి దీన్ని కడుపునొప్పి అనుకునేవాళ్లు చాలామంది. నడుం మీద నిమిరి చూడండి. ముందుకాళ్ల మీద వాలి, వెనక భాగం పైకెత్తి, తోక పక్కకు తిప్పి, వెనక కాళ్లతో నేలను తొక్కుతుంటే అది ఎదే. దాదాపు వారం ఉంటుంది. జతకట్టకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ మొదలు. పగటి వెలుతురు ఎక్కువగా ఉండే నెలల్లో ఇది జోరుగా ఉంటుంది, కానీ రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైట్లు వెలిగే ఇళ్లలో పిల్లికి చలికాలం సెలవు కూడా దొరకదు.

గంటలో ఏం జరిగి ఉంటుందంటారా? చాలా జరగొచ్చు. పిల్లుల్లో అండం సాధారణంగా దానంతట అది విడుదల కాదు, జతకట్టినప్పుడు కలిగే ప్రేరణకే ఒకటి రెండు రోజుల్లో విడుదలవుతుంది. ఒక్కసారికి సగం పిల్లుల్లో మాత్రమే ఆ ప్రేరణ సరిపోతుంది, కానీ అవి గంటలో చాలాసార్లు కలుస్తాయి. తిరిగొచ్చాక మెడ వెనక బొచ్చు తడిగానో చిందరవందరగానో ఉందా, వెనక భాగాన్ని అదేపనిగా నాక్కుందా గుర్తు చేసుకోండి. అవి కనబడకపోయినా కలవలేదని తేల్చలేం.

ఇక ఆ ఇంజెక్షన్ దగ్గరికి పొరపాటున కూడా వెళ్లొద్దు. మందుల షాపులో చెప్పేది సాధారణంగా ఆడవాళ్లకు మూడు నెలలకోసారి వేసే మెడ్రాక్సీప్రొజెస్టెరాన్. పిల్లికి అది వేస్తే గర్భసంచి గోడలు మందమై లోపల చీము పట్టొచ్చు, పొదుగు గడ్డలు కొద్ది వారాల్లోనే నిమ్మకాయల్లా వాచిపోవచ్చు, షుగర్ రావచ్చు. మీ పిల్లి విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇప్పటికే కడుపు నిలిచి ఉంటే ఆ మందు ఈనే వేళకు నొప్పులు రానివ్వదు, పిల్లలు లోపలే చనిపోయి తల్లి ప్రాణం మీదికి వస్తుంది. ఎద ఆపడానికి ఇచ్చే మెజెస్ట్రాల్ మాత్రలదీ ఇదే వరస.


పెరటిజామ

ఎదలో ఉండగా కోయించకండి. ఆ సమయంలో గర్భసంచికి రక్తప్రసారం ఎక్కువ, కణజాలం మెత్తగా ఉండి దారం బిగించేటప్పుడు తెగుతుంది. అరుపులు ఆగి ఒక నెల గడిచాక, టీకాలన్నీ పూర్తి చేసి, అప్పుడు చేయించండి.


కుట్లు_దారం

పెరటిజామ గారు చెప్పిన మొదటి మాట నిజమే. అయితే ఆ నెల రోజుల గడువు, ఇంట్లోంచి కదలని పిల్లికైతే సరేగానీ బయటికి వెళ్లొచ్చిన దానికి కుదరదు. తేదీలు వేసి చూద్దాం.

కలిసింది జూన్ 5 అనుకుంటే, పిండాలు గర్భసంచి గోడకు అంటుకునేది పన్నెండు, పద్నాలుగు రోజులకు, అంటే 17–19 తేదీల్లో. ఎద తగ్గేది 10–12 మధ్య. కాబట్టి 15 నుంచి 20 లోపు ఆపరేషన్ చేయించడం అన్నిటికన్నా మేలు. ఎద వాపు తగ్గి ఉంటుంది, గర్భం ఉన్నా దాని రక్తనాళాలు ఇంకా లావెక్కవు. పిల్లల్ని చంపుతున్నామేమో అని బాధపడే పెద్దవాళ్లకు కూడా చెప్పుకోదగిన సమయం ఇదే. నెల ఆగితే కడుపులో ఉసిరికాయలంత ఉబ్బులు వరుసగా తయారవుతాయి. అప్పటికీ చేయొచ్చు, కానీ కోత పెద్దది, రక్తస్రావం ఎక్కువ, మత్తు సమయమూ ఎక్కువ.

టీకా రేపే వేయించండి. పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక వైరస్ జబ్బు నుంచి ట్రైక్యాట్ ఇచ్చే రక్షణ లేకుండా, రోజూ జబ్బు పిల్లులు వచ్చే ఆసుపత్రిలో పొద్దంతా ఉంచడం మంచిది కాదు. రేపు డోసు పడితే, ఆపరేషన్ నాటికి వారం పైన గడుస్తుంది, మొదటి డోసు ఉంది కాబట్టి రక్షణ త్వరగానే వస్తుంది. ఒక్కటి గమనించండి: ఇక్కడ ఎక్కువగా దొరికే ట్రైక్యాట్ బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసింది. అది కడుపులో పిల్లల చిన్నమెదడును దెబ్బతీయొచ్చు, అలాగైతే పుట్టాక నడక తూలిపోతుంది. అందువల్ల ఆపరేషన్ ఖాయం అనుకుంటేనే రేపు వేయించండి. ఈననివ్వాలని ఇంట్లో నిర్ణయమైతే డాక్టర్‌కి మిద్దె సంగతి చెప్పకుండా టీకా వేయించొద్దు.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కోత పక్క డొక్కలో పెడతారా, పొట్ట మధ్యలోనా అని అడగండి. మామూలు పిల్లికి రెండూ సమానమే, పక్క కోత చిన్నదిగా ఉండి మానిపోతుంది. కడుపు ఉండొచ్చన్న అనుమానం ఉన్నప్పుడు పొట్ట మధ్య కోతే సరైనది, గర్భసంచి మొత్తం కంటికి కనబడుతుంది, ఎక్కడైనా దారం జారినా వెంటనే పట్టుకోవచ్చు. అందుకే 5వ తేదీ విషయం దాచకుండా చెప్పాలి. అలాగే అండాశయాలు రెండూ తీస్తున్నారని నిర్ధారించుకోండి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయం వదిలేస్తే ఎద ఆగదు, అరుపులు అలాగే ఉంటాయి.

మత్తుకు మన దగ్గర చాలాచోట్ల జైలజీన్, కెటమిన్ కలిపి ఇస్తారు. జైలజీన్ పడగానే పిల్లి వాంతి చేసుకుంటుంది, కడుపు నిండా ఉంటే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పస్తు. కానీ ముందు రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా మాడ్చేది పెద్ద పిల్లులకే ఎక్కువ, మీది ఇంకా కూన కిందే లెక్క. నాలుగు నుంచి ఆరు గంటలు చాలు. నీళ్లు బయల్దేరేదాకా ఉంచండి. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి మత్తు నుంచి లేవడం ఆలస్యమవుతుంది. కెటమిన్ పడ్డ పిల్లి కళ్లు మూయదు, కంటి మందు రాస్తున్నారో లేదో చూడండి. నొప్పి ఇంజెక్షన్ కోత పెట్టకముందే ఇస్తారా అని కూడా అడగండి, లేచాక ఇచ్చేదానికన్నా బాగా పనిచేస్తుంది.

గుంటూరు నుంచి గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే. తెలంగాణ వాళ్లకు రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్లకు తిరుపతి. కళాశాల ఆసుపత్రుల్లో ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, అయితే ముందుగా ఓపీలో చూపించి తేదీ తీసుకోవాలి. అందుకే ఇవాళే కదలండి, 15 నాటికి తేదీ దొరకాలంటే.


గుంటూరు_వాకిలి

చాలా ఉపయోగపడింది. రేపు టీకాకు తీసుకెళ్తున్నాను. ఇంట్లో మాత్రం ఇంకా ఒక్క ఈత మాటే నడుస్తోంది. ఈననిస్తే నిజంగా ఆరోగ్యానికి ఏమైనా లాభం ఉందా? కడుపు నిలిచిందో లేదో ముందే తెలుసుకునే దారి ఏది?


నల్లమచ్చ

లాభం ఏమీ లేదు, నష్టానికి లెక్క కూడా ఉంది. ఆడపిల్లికి పొదుగు క్యాన్సర్ వస్తే పదింట ఎనిమిది తొమ్మిది ప్రమాదకరమైనవే. ఆరు నెలలలోపు ఆపరేషన్ జరిగిన పిల్లుల్లో ఆ ముప్పు సుమారు 91 శాతం తగ్గుతుంది, ఏడాదిలోపు అయితే 86 శాతం. ఏడాది దాటి రెండో ఏడు వచ్చాక చేయిస్తే తగ్గేది 11 శాతమే. మీ పిల్లికి ఆరు నెలలు నిండడానికి ఇంకా రెండు వారాలు ఉంది. ఒక ఈత అంటే కడుపు రెండు నెలలు, పాలు రెండు నెలలు, పాలు ఆరడానికి ఇంకో రెండు వారాలు. అప్పటికి దానికి పది నెలలు నిండుతాయి. ఈలోగా పిల్లలు పాలు తాగుతుండగానే అది మళ్లీ ఎదకు రావచ్చు, రెండో కడుపుతో ఉండగా మొదటి ఈత పిల్లలు ఇంకా చంకలోనే ఉంటాయి. ఏడాదికి మూడు ఈతలు ఈనే పిల్లులు ఇలా తయారైనవే.

ఐదున్నర నెలల పిల్లి ఇంకా ఎదుగుతోంది. దాని ఎముకకు, పిల్లల ఎముకకు కాల్షియం ఒకే ఒంట్లోంచి పోవాలి. కటి ఇరుకు. తొలి ఈతలో పిల్ల అడ్డం తిరిగితే ఆపరేషన్ చేసే డాక్టర్ అర్ధరాత్రి దొరకాలి. నొప్పులు గట్టిగా వస్తూ అరగంటలో పిల్ల బయటపడకపోతే ఆగడానికి లేదు. పిల్లకు పిల్లకు మధ్య కొన్ని గంటలు ప్రశాంతంగా పడుకుని పాలిస్తుంటే మాత్రం కంగారు అక్కర్లేదు, ఈ తేడా తెలియక అనవసరంగా లాగి పిల్లల్ని చంపేసినవాళ్లూ ఉన్నారు.

తిండి సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలన్నం పెడతారు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే అందాలి. అది లేకుంటే కడుపులో పిల్లలు కరిగిపోతాయి, లేదా బరువు తక్కువగా పుడతాయి. తల్లి గుండె, కంటిచూపు కూడా దెబ్బతింటాయి. కడుపుతో ఉందని కాల్షియం సిరప్ పోసేవాళ్లుంటారు, అది ఇంకా తప్పు. బయటి నుంచి కాల్షియం ఎక్కువగా అందితే ఎముకలోంచి తీసుకునే శక్తి ఒంటికి మందగిస్తుంది, ఈనాక పాలు దిగేటప్పుడు రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడి వణుకు, ఫిట్స్ వస్తాయి.

తెలుసుకునే దారులు: అరుపులు ఆగాక రెండు మూడు వారాల్లో ఎద మళ్లీ వస్తే కడుపు నిలవనట్టే, చాలావరకు. నెలకు పైగా నిశ్శబ్దంగా ఉంటే రెండు అర్థాలున్నాయి, నిజం కడుపు కావచ్చు, లేదా అండం విడుదలై కడుపు నిలవని ఉత్తి కడుపు కావచ్చు. ఉత్తి కడుపు ఐదారు వారాల్లో తేలిపోయి మళ్లీ ఎదకు వస్తుంది. మూడో వారంలో చనుమొనలు గులాబీ రంగుకు తిరిగి ఉబ్బుతాయి. స్కానింగ్‌లో జూన్ 25–30 మధ్య గుండె కొట్టుకోవడం కనబడుతుంది. ఇంట్లో పొట్ట నొక్కి చూడకండి. ఎన్ని పిల్లలో లెక్క కావాలంటే ఎక్స్‌రే జూలై 17 తర్వాత, ఎముకలు గట్టిపడ్డాకే. ఈనేది ఆగస్టు 7–11 మధ్య. కానీ ఇవన్నీ ఆగి చూసేవాళ్ల కోసం. మీరు 15–20 మధ్య చేయిస్తే వీటిలో ఏదీ అవసరం పడదు.


మూడురంగులు

ఆపరేషన్ తర్వాత సంగతి ఎవరూ రాయలేదు, అక్కడే ఎక్కువ పిల్లులు ఇబ్బంది పడతాయి.

ఇంటికి తెచ్చిన సాయంత్రం దాన్ని బుట్టలోనే నేల మీద, ఫ్యాన్ గాలి తగలకుండా ఉంచండి. మత్తులో ఒంటి వేడి పడిపోతుంది. నీళ్ల సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, వేడి నీళ్లు నేరుగా తగిలితే కదల్లేని పిల్లికి చర్మం కాలుతుంది. మంచం మీద, అలమర మీద పెట్టొద్దు, తూలి పడుతుంది. తల నిలబెట్టగలిగాక నీళ్లు, ఆ తర్వాత మామూలు తిండిలో పావు వంతు. మొదటి 24 గంటలు చిగుళ్లు చూస్తూ ఉండండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు తెల్లబడి, ఒళ్లు చల్లబడి, పొట్ట ఉబ్బుతుంటే లోపల దారం జారి రక్తం కారుతోందని అర్థం, తెల్లవారేదాకా ఆగొద్దు.

కుట్లు నాకకుండా మెడకు పెట్టే ప్లాస్టిక్ గొట్టం (కోన్) పది నుంచి పద్నాలుగు రోజులు. జాలిపడి భోజనానికని తీస్తారు, సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లో పిల్లి నాలుక కుట్లు ఊడదీస్తుంది, దాని నాలుక ఆకురాయి లాంటిది. గొట్టం ససేమిరా ఒప్పుకోకపోతే పాత టీషర్టు చేతిని కత్తిరించి, నాలుగు కాళ్లకు బెజ్జాలు పెట్టి తొడగండి, మూత్రం తడవకుండా వెనక వైపు కురచగా ఉండాలి. పేగు గాని కొవ్వు గాని బయటికొస్తే లోపలికి తోయకండి, శుభ్రమైన తడిగుడ్డ కప్పి పరుగెత్తండి.

కుట్టు కింద మూడో రోజు నుంచి గోళీకాయంత గట్టి ఉబ్బు రావడం దారానికి ఒళ్లు స్పందించడమే, రెండు మూడు వారాల్లో పోతుంది. వేడిగా, ఎర్రగా, తడిగా, వాసనగా ఉంటే చీము. నొక్కితే లోపలికి పోయి మళ్లీ వచ్చే మెత్తని ఉబ్బు అయితే లోపలి కుట్టు వదిలింది. ఒంటి వేడి 102.5 ఫారన్‌హీట్ వరకు మామూలే, 103 దాటితే ఫోన్ చేయండి. ఒక రోజంతా ఏమీ తినకపోయినా ఫోన్ చేయాలి, పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది, బొద్దు పిల్లులకైతే మరీ.

కుట్ల మీద పసుపు రాయొద్దు, నాకి కడుపులోకి పంపుతుంది, గాయాన్నీ చూడనివ్వదు. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి పిల్లికి విషం, ఆ పది రోజులు నేల తుడవడానికి కూడా వాడకండి. నొప్పిగా ఉందేమోనని పారాసెటమాల్ ఒక్క ముక్క కూడా ఇవ్వొద్దు. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు, చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగి, మొహం వాచి, ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. మాత్రల విషయం డాక్టర్ రాసిచ్చినదే, రాసిచ్చినన్ని రోజులే.

మలవిసర్జన ట్రేలో ఇసుక బదులు చింపిన న్యూస్‌పేపర్ వేయండి, గాయానికి దుమ్ము అంటదు. చర్మం పైన నైలాన్ కుట్లుంటే పదో రోజు నుంచి పన్నెండో రోజు మధ్య తీస్తారు, చర్మం లోపల కరిగే దారమైతే తీసేదేమీ ఉండదు. ఏది వేశారో ఇంటికొచ్చే ముందే అడిగి రాసుకోండి.

ఆ తర్వాత తిండి. ఎద ఆగాక దాని ఒంటికి నాలుగో వంతు తక్కువ ఖర్చు, ఆకలి మాత్రం పెరుగుతుంది. గిన్నె నిండా పోసి వదలకుండా రోజూ తూచి రెండు మూడు పూటలుగా పెట్టండి. ఇంకా ఎదుగుతోంది కాబట్టి మరీ కోత పెట్టొద్దు, పక్కటెముకలు వేలికి తగులుతున్నాయా అని నెలకోసారి తడిమి చూస్తే చాలు.


పెరటిజామ

కుట్లు_దారం గారి తేదీల లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను, నా సలహా బయటికి వెళ్లని పిల్లులకే. మగదాని గురించి ఒక మాట చేరుస్తాను. దాన్ని కూడా అదే రోజు తీసుకెళ్లండి, పది నిమిషాల పని, చాలాసార్లు కుట్లు కూడా ఉండవు. ఆపరేషన్ అయినా నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో కొన్ని వారాలు కడుపు చేయగలదు, ఎదలో ఉన్న వేరే ఆడపిల్లి దగ్గరికి నెల పైన పోనివ్వొద్దు. రెండూ ఆసుపత్రి వాసనతో వస్తే ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టక బుసకొట్టుకుంటాయి. ఒకటి రెండు రోజులు వేరుగా ఉంచి, ఒకదాని పడకగుడ్డ ఇంకోదాని దగ్గర వేయండి.


గుంటూరు_వాకిలి

గన్నవరంలో కనుక్కున్నాను. 17వ తేదీ ఇద్దరికీ ఒకేసారి ఇచ్చారు. టీకా రేపు ఉదయం. ఒక్క సందేహం మిగిలింది, ఆపరేషన్ తర్వాత మళ్లీ అరిస్తే?


కుట్లు_దారం

17 బాగుంది. ఆ ఉదయం ఆరింటికి తిండి తీసేసి, నీళ్లుంచి, పదకొండుకల్లా టేబుల్ మీద ఉండేలా మాట్లాడుకోండి.

మొదటి వారం కాస్త అరిచినా ఒంట్లో మిగిలిన హార్మోనే, పోతుంది. నెలలు గడిచాక నడుం ఎత్తి, కాళ్లు తొక్కి, రెండు మూడు వారాలకోసారి అదే తంతు నడిస్తే అండాశయం ముక్క లోపల మిగిలిందని అనుమానించాలి. అప్పుడు ఎద లక్షణాలు ఉన్న రోజుల్లోనే తీసుకెళ్లండి. ఆ రోజుల్లో పరీక్షకు హార్మోన్ దొరుకుతుంది, తెరిచి చూస్తే ఉబ్బిన ముక్క కంటికి కనబడుతుంది. ఎద లేనప్పుడు వెతికితే కొవ్వులో అది బియ్యపుగింజంత, దొరకదు.